ఆవకాయ ఎవరు పెట్టారో ముందు తేల్చుకోండి: ఎఫ్.ఎస్.వి.పి. తనిఖీ, నా అనుభవం

ఈ వారమే మా ఎఫ్.ఎస్.వి.పి. (విదేశీ సరఫరాదారు సరుకు సురక్షితమో కాదో ఇంపోర్టర్ సరిచూసుకోవాలనే అమెరికా నిబంధన) తనిఖీ ముగిసింది. ఎఫ్.డి.ఏ. (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్ 483ఏ ఫారం, అంటే లోపాల జాబితా, ఇవ్వకుండానే ఫైలు మూశారు. పచ్చళ్ళు, కారం, పసుపు, పొడులు ఇండియా నుంచి అమెరికాకు తెప్పించే మనవాళ్ళకు ఇందులో చిక్కు ఎక్కడుందో గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

దీని వెనకున్న అమెరికా ఆహార భద్రత చట్టం 2011 నాటిది, ఎఫ్.ఎస్.వి.పి. అమలు మొదలైంది 2017 మే 30న. దాని సారం ఇంతే: విదేశంలో తయారైన తిండి సురక్షితమని రుజువు చూపాల్సిన బాధ్యత తెప్పించుకునేవాడిది. ఓడరేవులో సరుకు ఆపకుండా వదిలేశారంటే మన ఫైలు బాగున్నట్టు కాదు.

సులువైనవి రెండు ముక్కల్లో చెప్తాను. డన్స్ నంబరు (వ్యాపార సంస్థను గుర్తుపట్టే నంబరు) ఉచితంగా వస్తుంది, డబ్బు అడిగేవాళ్ళ జోలికి వెళ్ళకండి. 2022 జూలై తర్వాత నంబరు లేకుండా నెట్టుకొచ్చే వెసులుబాటు పోయింది. కస్టమ్స్ బ్రోకర్ ఎంట్రీలో (సరుకు దిగేటప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రంలో) ఒక్కో సరుకు లైనుకూ ఇంపోర్టర్ పేరు, ఈమెయిల్, డన్స్ నంబరు వేస్తాడు. ఎవరి పేరు వేశాడో ఆ ఎంట్రీ కాపీ ప్రతిసారీ అడిగి తీసుకోండి. సరుకు కొన్న దుకాణదారుడి పేరు అతనికి చెప్పకుండానే వేసేసే బ్రోకర్లున్నారు. తనిఖీ నోటీసు వచ్చేదాకా ఆ మనిషికి సంగతే తెలియదు. అది దుర్మార్గం.

మూడేళ్ళ సగటున ఏడాది అమ్మకాలు పది లక్షల డాలర్ల లోపు (ద్రవ్యోల్బణం సర్దుబాటుతో) ఉంటే చిన్న ఇంపోర్టర్ కింద లెక్క. అప్పుడు సరఫరాదారు నుంచి రెండేళ్ళకోసారి రాతపూర్వక హామీ తీసుకుంటే చాలావరకు సరిపోతుంది. అలాగని ఫైలే అక్కర్లేదనుకోకండి. ఏటా అర్హత లెక్క వేసి కాగితం మీద పెట్టాలి.

ఇక అసలు సంగతి. చట్టం దృష్టిలో విదేశీ సరఫరాదారు అంటే సరుకు తయారుచేసిన యూనిట్. మనకు ఇన్‌వాయిస్ ఇచ్చిన మర్చంట్ ఎక్స్‌పోర్టర్ (తాను తయారుచేయకుండా ఇతరుల సరుకు కొని ఎగుమతి చేసేవాడు) కాదు. లేబుల్ అంటించడం, కార్టన్లలో సర్దడం తయారీ కిందకు రావు. మన పచ్చళ్ళ వ్యాపారమేమో దాదాపు అంతా మర్చంట్ల చేతుల్లోనే నడుస్తుంది. హైదరాబాదులో ఒకాయన కంటైనర్ నింపుతాడు. అందులో ఆవకాయ ఒక ఊళ్ళో పెట్టింది, గోంగూర ఇంకో ఊరిది, కందిపొడి మూడోచోట ఆడించింది. అన్నిటి మీదా ఒకటే బ్రాండు. వాటిలో ఏది ఎక్కడ తయారైందో చెప్పమని అడిగితే, “ఇన్నేళ్ళ వ్యాపారం అండీ, మా మీద నమ్మకం లేదా?” అంటాడు. పేరు చెబితే నేరుగా ఆ యూనిట్‌తోనే బేరం పెట్టుకుంటామని ఆయన భయం. ఈ మాట పడుతూ మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి అడగడమే ఈ వ్యవహారం మొత్తంలో అవమానంగా అనిపించేది. అయినా అడగక తప్పదు. ఆయన ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. (ఇండియా ఆహార భద్రత సంస్థ) లైసెన్సు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఎన్ని చూపించినా అవి వ్యాపారానికి సంబంధించినవే. ఆవకాయ ఎలా పెట్టారో అవి చెప్పవు.

దీనికి దారి ఉంది. మర్చంట్ తరఫున ఎవరైనా అర్హులు ప్రమాదాల విశ్లేషణ చేసి ఇస్తే మనం వాడుకోవచ్చు. దాన్ని మనం చదివి, సరిచూసి, ఆ సంగతి రాసి, సంతకం, తేదీ పెట్టాలి. యూనిట్ పేరు మాత్రం ఫైల్లో ఉండి తీరాలి. బయటపెట్టబోమని, ఆ యూనిట్‌తో నేరుగా కొనబోమని ఒప్పందం రాసివ్వండి. మాకు ఇద్దరు దానికి ఒప్పుకున్నారు. ఒప్పుకోనివారి సరుకు ఆపేశాం.

యూనిట్ పేరు తెలిశాక పనంతా సరుకు స్వభావాన్ని బట్టి. కల్లాల్లో నేల మీద ఆరిన మిర్చికి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మొదటి ప్రమాదం. దాన్ని చంపడానికి స్టీమ్ పెట్టారా, ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు పెట్టారా అడగండి. మసాలా దినుసుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషం అమెరికాలో 7 పీపీఎం దాకా చెల్లుతుంది, యూరప్‌లో 0.1 మాత్రమే. “స్టెరిలైజ్ చేశాం” అన్న ఒక్క ముక్క చాలదు. ఆ ప్రక్రియ సాల్మొనెల్లాను నిజంగా చంపుతుందని చూపే వ్యాలిడేషన్ రిపోర్టు కావాలి. తర్వాత అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం (ఎఫ్.డి.ఏ. హద్దు 20 పీపీబీ), తిండిలో వాడకూడని సుడాన్ రంగులు. పసుపుకు సీసం. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది కాబట్టి కొమ్ములనూ పొడినీ విడివిడిగా పరీక్ష చేయించండి. 2023లో ఈక్వడార్‌లో పొడికొట్టిన దాల్చినచెక్కతో పిల్లలు తినే యాపిల్ గుజ్జులోకి సీసం చేరిన ఉదంతం తర్వాత ఇన్‌స్పెక్టర్లు దీన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు, తీసుకోకూడదు కూడా.

పచ్చళ్ళలో మామిడి, నిమ్మ సహజంగా పుల్లనివి. కాకర, కాలీఫ్లవర్ లాంటి వాటికి పులుపు కలిపి పీహెచ్ 4.6కో అంతకన్నా కిందికో దించితే, వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవులు వాడుకోగల నీటి కొలత) 0.85 దాటితే, అది అసిడిఫైడ్ ఫుడ్. తయారీ యూనిట్ పేరు మీద ఎఫ్.సీ.ఈ. నంబరు (ఇలాంటి తిండి తయారుచేసే యూనిట్‌కు ఎఫ్.డి.ఏ. రిజిస్ట్రేషన్), ఆ తయారీ విధానాన్ని ఎఫ్.డి.ఏ.కు సమర్పించినట్టు ఎస్.ఐ.డీ. నంబరు లేకుంటే రేవులోనే ఆపుతారు. ఇవీ మర్చంట్ పేరు మీద రావు. ఆవకాయలో పడేది పప్పునూనె, అంటే నువ్వుల నూనె. 2023 జనవరి 1 నుంచి నువ్వులు లేబుల్ మీద తప్పనిసరిగా చూపాల్సిన అలర్జీ పదార్థం. ఉత్త ‘వంటనూనె’ అని రాస్తే కుదరదు. వేరుశనగ పొడి, నువ్వుల పొడి, కందిపొడి ఒకే పల్వరైజర్‌లో ఆడిస్తుంటే మధ్యలో ఎలా శుభ్రం చేస్తున్నారో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ప్రాణం మీదకు తెచ్చే ప్రమాదాన్ని అదుపు చేసేది సరఫరాదారే అయితే ఏటా ఆడిట్ జరగాలి. వేరే పద్ధతి చాలనుకుంటే ఎందుకు చాలుతుందో కారణం రాసి పెట్టాలి. ఫ్రేము కట్టిన ఐ.ఎస్.ఓ. సర్టిఫికెట్ ఆడిట్ రిపోర్టు కాదు. తేదీలు, పద్ధతి, తేల్చిన విషయాలు, దిద్దుబాట్లు, ఆడిటర్ అర్హత అన్నీ కనపడాలి. ‘ఎఫ్.డి.ఏ. సర్టిఫికెట్’ అంటూ ఏజెంట్లు అమ్మే కాగితానికి విలువ లేదు. రిజిస్ట్రేషన్‌కు ఎఫ్.డి.ఏ. సర్టిఫికెట్లు ఇవ్వదు. సరి సంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు లోపు యూనిట్ రిజిస్ట్రేషన్ రెన్యూ చేసిందో లేదో మాత్రం చూసుకోండి.

ల్యాబ్ రిపోర్టును పట్టి పట్టి చదవండి. మాకు వచ్చినవాటిలో ఒక కారం రిపోర్టు ఇలా ఉంది: శాంపిల్ ల్యాబ్‌కు చేరిన తేదీ, కార్టన్ మీద తయారీ తేదీ కన్నా ముందుది. లాట్ నంబరు గడి ఖాళీ. కింద చిన్న అక్షరాల్లో ‘శాంపిల్ పార్టీ తెచ్చి ఇచ్చింది’ అని. అంటే మన లాట్‌కూ ఆ ఫలితానికీ సంబంధం లేదు. దాన్ని తిప్పి పంపి, లాట్ నంబరు, పద్ధతి, ఎన్ని శాంపిళ్ళు, పరీక్ష తేదీ ఉన్న రిపోర్టు వచ్చేదాకా సరుకు ఎక్కించనివ్వలేదు. ఒక్క 25 గ్రాముల పరీక్షను నమ్మకండి. సాల్మొనెల్లా బస్తా అంతటా సమానంగా ఉండదు. 15 చోట్ల తీసి కలిపిన 375 గ్రాములు అడగండి.

తనిఖీలో ఇన్‌స్పెక్టర్ రెండు మూడు సరుకులు ఎంచుకుని వాటి కాగితాలు మొత్తం అడుగుతారు. వేరేచోట దాచినవైతే 24 గంటల్లో చూపాలి. ఇంగ్లిష్‌లో లేనివి అడిగితే తర్జుమా ఇవ్వాలి. ప్రతి పత్రం మీదా సంతకం, తేదీ చూస్తారు. కన్సల్టెంట్లు అమ్మే రెడీమేడ్ ఫైళ్ళు ఇక్కడే దొరికిపోతాయి, వాటిలో కారానికీ బిస్కెట్లకూ ఒకే ప్రమాదాల పట్టిక ఉంటుంది. ఫైలు లోపలి సంగతి మీరే వివరించగలగాలి. తనిఖీలో దొరికిన లోపాలు సరిదిద్దుకోకపోతే ఇంపోర్ట్ అలర్ట్ 99-41 అనే ఎఫ్.డి.ఏ. జాబితాలో పేరెక్కుతుంది. ఆ తర్వాత ఆ సరఫరాదారు నుంచి వచ్చే ఆ సరుకును చూడకుండానే ఆపేస్తారు.

ఇప్పుడు మా పర్చేజ్ ఆర్డర్‌లోనే ఒక షరతు పెట్టాం: ప్రతి లైనుకూ తయారీ యూనిట్ పేరు, దాని ఎఫ్.డి.ఏ. రిజిస్ట్రేషన్ నంబరు, లాట్ నంబరుతో ల్యాబ్ రిపోర్టు కంటైనర్ సీల్ వేయకముందే చేరాలి, చేరకపోతే ఆ లైను రద్దు.