బాబాయి కోసం కౌన్సెలర్‌ను వెతికినప్పుడు

మా బాబాయి తాగుడు మానే విషయంలో సాయం కోసం ఆన్‌లైన్‌లో వెతికితే, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ చేస్తామని ప్రొఫైల్‌లో రాసుకున్నవారు చాలామందే కనిపించారు. 1983లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ మద్యపాన సమస్య ఉన్నవారి కోసం ప్రతిపాదించి, తరువాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించిన ఈ పద్ధతిలో, మానడానికి కారణాలు కౌన్సెలర్ నోటి నుంచి కాక తాగే మనిషి నోటి నుంచే రావాలి. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందేమో చూడటం సులువే గాని, అసలు సంగతి తేలేది మొదటి వీడియో కాల్‌లోనే.

మొదట మాట్లాడినాయన కాలేయం గురించి ఉపన్యాసం ఇచ్చారు (అది మా పిన్ని రోజూ ఉచితంగానే ఇస్తుంది). తరువాతి ఆవిడ, మానడం ఎంత ముఖ్యమో 10కి ఎంతో చెప్పమన్నారు. బాబాయి 4 అనగానే, “2 ఎందుకు కాలేదండీ?” అని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, మనవరాలు తన దగ్గరికి రావడం లేదని చెప్పారు. తరువాతి అపాయింట్‌మెంటు ఆయనే అడిగి తీసుకున్నారు.