ఏటికొప్పాకలో మేకుల పట్టీ

విశాఖపట్నం నుంచి తుని వైపు వెళ్లే బస్సెక్కి, జాతీయ రహదారి మీద అడ్డరోడ్డు దగ్గర దిగితే అక్కడి నుంచి ఏటికొప్పాకకు ఆటోలో కొద్ది దూరమే. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. 2017లో ఇక్కడి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీ వీధుల్లో ఊరేగాయి కూడా. అందుకే వచ్చినవాళ్లంతా దుకాణాల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం బొమ్మలకన్నా వాటిని తిప్పే మిషన్ల మీద ఆసక్తి. ఇంట్లో చిన్న లేతు, అంటే కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే మిషను, ఒకటి పెట్టుకుని తీరిక వేళల్లో చెక్క తిప్పుతుంటాను. దానికి అదనపు పరికరాలు కొందామంటే ఒక్కొక్కటి మిషను ధరలో సగం పలుకుతోంది. రోజంతా ఇదే పనిలో ఉండేవాళ్లు ఏం చేసుకుంటున్నారో చూద్దామని బయలుదేరాను.

రేకుల షెడ్డులో ఒక పెద్దాయన పని చేస్తున్నారు. "రంగులు వేసే గది అవతల ఉంది బాబూ, అందరూ అదే చూస్తారు" అన్నారు. మిషను చూస్తానంటే మోటారు ఆపి, పక్కనున్న స్టూలు నా వైపు జరిపారు.

కొండపల్లివాళ్లు తెల్లపొణికిని చేత్తో చెక్కి బొమ్మ చేస్తారు. ఇక్కడ అంకుడు కర్ర, పని అంతా లేతు మీదే. కరెంటు మోటారు రాక ముందు ఒకరు తాడు లాగి తిప్పుతుంటే, ఇంకొకరు ఉలి పట్టేవారట. తాడు ముందుకు లాగినప్పుడే కోత, వెనక్కి పోయినప్పుడు ఉలి ఎత్తి పట్టుకోవాలి. ఇప్పుడు నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మామూలు మోటారు ఉంది. దాని మీద మెట్లు మెట్లుగా ఉన్న పుల్లీ చెక్కది, అదే లేతు మీద తిప్పి చేసుకున్నది. బెల్టును మోటారు వైపు 2 అంగుళాల మెట్టు మీదికి, మిషను వైపు 4 అంగుళాల మెట్టు మీదికి మార్చితే వేగం సగానికి, అంటే 720కి దిగుతుంది. లావు కర్రకు అది, సన్న పనికి మరొకటి. కర్రను పట్టే భాగమూ బజారు సరుకు కాదు. ఇనప గొట్టం ముక్కను గిన్నెలా చేసి ఇరుసుకు బిగించారు, అందులోకి కర్రను సుత్తితో దిగగొడతారు.

గోడకు వేలాడుతున్న చెక్క పట్టీలు చూశాక నాకు ఇంకేమీ కనబడలేదు. ఒక్కో పట్టీ అంచున మూడో నాలుగో మేకులు, మొనలు ఆకురాతితో పదును చేసి ఉన్నాయి. గుండ్రంగా నునుపు చేసిన కర్ర తిరుగుతుండగా ఆయన ఒక పట్టీని ఉలి ఆనించే దిమ్మ మీద పెట్టి మెల్లగా నొక్కారు. సన్నటి గీతలు ఒకేసారి పడ్డాయి. ఇక్కడ మెడ, ఇక్కడ నడుము, ఇక్కడ పీఠం. స్కేలు లేదు, పెన్సిలు లేదు. ప్రతి బొమ్మకూ దాని పట్టీ దానికే. ఏనుగు కాలికి చేసిన పట్టీ రాజుగారి బొమ్మకు పనికిరాదు. బజారులో అమ్మే పరికరం అన్ని పనులకూ పనికొచ్చేలా ఉండాలి కాబట్టి దానికి మరలు, కొలతలు, సర్దుబాట్లు తప్పవు. ఒక్క పనికే పుట్టినదానికి ఆ బరువేమీ అక్కర్లేదు.

పూసలకు కన్నం వేసే దిమ్మ ఇంకా బాగుంది. లేతు పట్టాల మీద జారే చెక్క దిమ్మలో డ్రిల్లు బిట్టు అడ్డంగా బిగించి ఉంటుంది. తిరిగేది పూస, బిట్టు కదలదు. ఇనప కడ్డీ లాగితే దిమ్మ ముందుకు వస్తుంది, సైకిలు స్టాండు స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. బిట్టు సరిగ్గా ఇరుసు మధ్యకు రాకపోతే కన్నం మూతి దగ్గర వెడల్పయిపోతుంది. అందుకే ఆ మధ్యను ఎలా కొలిచారని అడిగాను.

"కొలవడం ఎందుకు బాబూ? కన్నం మిషనే వేసుకుంటుంది" అన్నారు.

ముందు బిట్టును ఇరుసు గిన్నెలోనే బిగించి తిప్పారట. ఖాళీ దిమ్మను పట్టాల మీద దాని వైపు నెట్టారట. ఇరుసు ఎంత ఎత్తులో ఉందో దిమ్మలో కన్నం అంతే ఎత్తున పడింది. తర్వాత బిట్టు తీసి ఆ కన్నంలోకి మార్చేశారు. అంతే. సన్న కొలతలు తీసే వెర్నియర్ పట్టుకుని ఇంట్లో నేను పడే అవస్థ గుర్తుకొచ్చి నవ్వొచ్చింది.

ఇక లక్క పూత. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే బొమ్మకు ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకు అదిమి పడితే మెరుపు తేలుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లాంటి సహజ రంగులు మళ్లీ వాడుకలోకి రావడానికి ఈ ఊరి సి.వి.రాజు ఎంతో శ్రమించారు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. దీని గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. బెల్టుకు మూత లేదు. పంచె అంచు, చొక్కా చెయ్యి ఏది చిక్కినా ప్రమాదమే. ఆ మాటే అంటే, మాటిమాటికీ మెట్టు మార్చాలి, మూత విప్పుతూ కూర్చుంటే పని సాగదన్నారు. ప్లైవుడ్డు పెట్టె చేసి ఒక వైపు మడతబందు వేస్తే విప్పే పని లేదు, ఎత్తితే చాలన్నాను. పక్క మిషను మీది కుర్రాడు లేచి వచ్చి బెల్టు చుట్టూ జానతో కొలుచుకున్నాడు.

వచ్చేటప్పుడు పిల్లలకు లక్కపిడతలు కొన్నాను. అలాంటి కన్నం వేసే దిమ్మ నేనూ చేసుకోవాలంటే ఏ కర్ర మంచిదని కూడా అడిగాను. తుమ్మయినా చింతయినా పర్వాలేదు, పచ్చిది వద్దు, ఎండేసరికి గుండ్రటి కన్నం కోలగా సాగిపోతుందన్నారు పెద్దాయన. తిరుగు దారిలో అనకాపల్లిలో దిగి కలప అడితీలు గాలించాను. అన్నీ కొత్త కోత సరుకే. చివరికి ఒక చోట పాత ఎడ్లబండి చక్రం నుంచి విప్పిన తుమ్మచెక్క దొరికింది, తూకం లెక్కన ఇచ్చారు.