వాన కోసం వెళ్లిన తోట

టోక్యోకి చాలామంది చెర్రీ పూలు చూడ్డానికి వెళ్తారు. నేను జూన్‌లో వెళ్లాను, వాన కోసం. అక్కడ ఆ రోజుల్ని త్సుయు అంటారు, మన ముసురు లాంటిదే. జపాన్ యానిమేషన్ దర్శకుడు మకోతో షింకాయ్ తీసిన 'ది గార్డెన్ ఆఫ్ వర్డ్స్' (2013) సినిమా చూసినప్పటి నుంచి షింజుకు గ్యోయెన్ తోటలో వాన పడుతుండగా కూర్చోవాలని నాకు ఒకటే కోరిక.

మొదటి రోజు ఎండ కాసింది. టెన్షన్ పడ్డాను, ఉండేది నాలుగు రోజులే మరి. రెండో రోజు తెల్లారేసరికి కిటికీ అద్దం నిండా చినుకులు. గొడుగు తీసుకుని బయల్దేరాను.

టికెట్ 500 యెన్లు. చెరువు పక్కనే చెక్క మండపం ఉంది. కథలో పదిహేనేళ్ల కుర్రాడూ ఒక యువతీ వాన పడే పొద్దుటిపూట కలుసుకునేది ఇలాంటి చోటే. ఆవిడ బీరు తాగుతూ ఉంటుంది. నిజానికి ఆ తోటలోకి మద్యం తేకూడదు. నేను దారిలో కొన్న చాక్లెట్ విప్పుకుని కూర్చున్నాను.

ఆ సినిమా 46 నిమిషాలే. అందులో మనుషుల ముఖాల అంచుల్లో లేత ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. బొమ్మ అందంగా ఉండాలని అలా వేశారనుకునేదాన్ని. మాపుల్ కొమ్మలు నీళ్లదాకా వంగిన ఆ చోట కూర్చుని అరచెయ్యి చాపి చూసుకుంటే, నా వేళ్ల మీదా అదే పచ్చదనం. షింకాయ్ రంగు పులమలేదు, ఉన్నదాన్ని చూశారు. చినుకు పడ్డ చోట లేచే వలయాలు కూడా అంతే. వాటిని చూస్తూ గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు.

షింకాయ్ 1973లో నగానో కొండల్లోని కోఉమి అనే ఊళ్లో పుట్టారు. ఫాల్కమ్ అనే వీడియో గేమ్స్ కంపెనీలో ఉద్యోగం చేశారు. 2002లో వచ్చిన 25 నిమిషాల 'వాయిసెస్ ఆఫ్ ఎ డిస్టెంట్ స్టార్'ని దాదాపు ఒక్కరే, తన కంప్యూటర్ మీద తయారుచేశారు. పద్నాలుగేళ్ల తర్వాత 'యువర్ నేమ్' ఒక్క జపాన్‌లోనే 2,500 కోట్ల యెన్లకు పైగా వసూలు చేసింది. 'వెదరింగ్ విత్ యూ' మన దేశంలోనూ రావాలని అభిమానులు వేల సంతకాలు పెట్టారు, 2019 అక్టోబరులో వచ్చింది కూడా. 2023లో 'సుజుమే'ని నేను హైదరాబాద్‌లో థియేటర్‌లోనే చూశాను. పేర్లు పడుతున్నా పక్క సీట్లలోని కాలేజీ పిల్లలు లేవలేదు. ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తే.

మధ్యాహ్నం మెట్రోలో ఒక్క స్టేషన్ దాటి యోత్సుయా సాన్‌చోమెలో దిగి, సుగా గుడి మెట్ల దగ్గరికి నడిచాను. 'యువర్ నేమ్' చివర్లో వచ్చే మెట్లు అవే. చుట్టూ మామూలు ఇళ్లు, మధ్యలో ఎర్ర రెయిలింగ్. ఏడెనిమిది మంది ఫొటోల కోసం వంతులవారీగా నిలబడి ఉన్నారు, తలా ఒక భాష.

ఇంతలో కింది నుంచి ఒక పెద్దావిడ కూరల సంచితో వచ్చింది. అందరం గోడవైపు జరిగాం. ఆవిడ తడి రెయిలింగ్ పట్టుకుని, రెండేసి మెట్లకోసారి ఆగుతూ నెమ్మదిగా ఎక్కింది. మలుపు తిరిగేదాకా ఎవరూ ఫోన్ ఎత్తలేదు.