ట్రక్కు పక్క గోడ మాయం చేసిన పని: నా అనుభవం

ఫర్నిచర్ చేరవేసే ఒక సంస్థ తమ బాక్స్ ట్రక్కుకి ర్యాప్ (బండి బాడీ మీద అతికించే ప్రింట్ చేసిన ప్లాస్టిక్ ఫిల్మ్) డిజైన్ చేసిపెట్టమంది. పక్క గోడ కోసి తీసేసినట్టు, లోపల సామాన్లతో సర్దిన గది కనబడాలట. ఇలాంటి పనికి బొమ్మ వేసే చెయ్యి బాగుంటే చాలనుకుంటారు. కానీ ముందుగా తేల్చుకోవాల్సింది చూసేవాడు ఎక్కడ నిలబడతాడన్నది.

కంటిని మోసం చేసే బొమ్మ కచ్చితంగా కుదిరేది ఒక్క చోటునుంచే. చిత్రకారుడు హోల్బైన్ 1533లో వేసిన 'ది అంబాసడర్స్' చిత్రంలో కింద ఒక సాగిపోయిన మరక ఉంటుంది. పక్కకి జరిగి ఓరగా చూస్తేనే అది పుర్రె అని తెలుస్తుంది. మా క్లయింటుకి అలాంటిదే కావాలి, పక్క లేన్‌లో వెనకనుంచి వచ్చేవాళ్ల కోసం. నేను ఒప్పుకోలేదు. అలా సాగదీస్తే ఆ కోణం తప్పగానే బొమ్మ వికారంగా తయారవుతుంది. పైగా బండి నడిపేవాడి చూపు రోడ్డు మీద ఉండాలి, మా గది మీద కాదు. సిగ్నల్ దగ్గరో, లోడు దించేచోటో బండికి ఎదురుగా నిలబడి చూసేవాళ్లే మా ప్రేక్షకులని చివరికి ఒప్పించాను.

అప్పుడు ఎత్తు లెక్క వచ్చింది. నిలబడ్డ మనిషి కళ్లు నేలకి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటాయి, కారు డ్రైవరువి 1.1 మీటర్ల దగ్గర. ఈ ట్రక్కు బాక్స్ అడుగు మీటరు ఎత్తులో ఉంది. అంటే నిజంగా గోడ లేకపోయినా లోపలి నేల సన్నటి పట్టీలాగే కనబడుతుంది, పైకప్పు మాత్రం బాగా కనబడాలి. మొదటి స్కెచ్‌లో తివాచీ అంతా పరిచి చూపించాలని అందరికీ మోజు. తివాచీ తీసేసి పైకప్పుకి దీపం వేలాడదీశాక గది నమ్మేలా తయారైంది.

లోతు కూడా తగ్గించాను. రెండు మీటర్ల లోతు గీస్తే చూసేవాడు నాలుగడుగులు పక్కకి వేయగానే గుట్టు బయటపడుతుంది. అర మీటరు లోతుతో అల్మారాలు, వాటి ముందు ఒక కుర్చీ వేస్తే చాలాదూరం నిలబడుతుంది. పేరు, ఫోన్ నంబరు గదిలో పెట్టలేదు. కోయకుండా మిగిలిన అంచు మీద చదునుగా రాశాం. ఆ అక్షరాలు "బాడీ ఇక్కడుంది" అని కంటికి చెబుతాయి, దాంతో గది ఇంకా వెనక్కి పోతుంది. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

లామినేషన్, అంటే ప్రింటు మీద వేసే పారదర్శక పొర, మెరుపు లేని మ్యాట్‌లోనే ఉండాలని పట్టుబట్టాను. మెరిసే గ్లాసీ పొర వేస్తే ఆకాశం, ఎదుటి బండ్లు గోడ మీద మెరిసి అది చదునైన ఉపరితలమని చాటింపు వేస్తాయి. ప్రింటయ్యాక కనీసం 24 గంటలు ఆరనిచ్చి లామినేట్ చేశారు. సాల్వెంట్ ఇంకు ఆవిరి లోపల చిక్కుకుంటే జిగురు బలహీనపడుతుంది. ఫిల్మ్‌కి కాస్ట్ వినైల్ అనే పల్చటి, మెత్తటి రకం వాడాం, రివెట్ల మీద వేడిచేసి ఒత్తడానికి అదే వీలు.

అతికించే రోజు నేనూ ఉన్నాను. ఆల్కహాల్‌తో తుడిచి, బండి వెనక వైపు వచ్చే ఫిల్మ్ ముక్క (ప్యానెల్) నుంచి మొదలుపెట్టారు. ఇంటి పెంకుల వరసలా ముందు ప్యానెల్ అంచు వెనకదాని మీదికి రావాలి, లేకపోతే ఎదురుగాలి దాన్ని లేపేస్తుంది. ఆ జాయింట్లు ఏటవాలు గీతల మీద పడితే రెండు మిల్లీమీటర్ల తేడా కూడా పర్‌స్పెక్టివ్‌ని విరగ్గొడుతుంది. అందుకే డిజైన్‌లోనే వాటిని అల్మారా నిలువు పలకల మీదికి తెచ్చాను. రివెట్ల వరసల్నీ అలాగే. స్క్వీజీ (ఫిల్మ్‌ని నొక్కి అతికించే పలక) పట్టినతను ఫిల్మ్ అస్సలు లాగకుండా పరిచాడు. లాగితే గీత వంగుతుంది.

వెనక తలుపు దగ్గర మాత్రం గట్టి వాదన జరిగింది. తలుపు తెరుచుకుని సోఫా జారిపడుతున్నట్టు వేయమన్నారు. నవ్వు తెప్పించే ఆలోచనే, కానీ వెనక వచ్చేవాడు ఉలిక్కిపడి బ్రేకు కొడితే? లైట్లు, నంబరు ప్లేటు, రిఫ్లెక్టివ్ టేపు వదిలేసి, మిగతాది ఒకే రంగులో ఉంచి సంస్థ పేరు రాశాం.

ఇప్పుడు రెండో ట్రక్కుకీ అదే కావాలంటున్నారు. అది వేరే మోడల్, రివెట్లు వేరే చోట ఉన్నాయి, బాక్స్ అడుగు ఇంకాస్త కిందికి ఉంది. పాత ఫైలు పనికిరాదు. టేపు పట్టుకుని మళ్లీ కొలతలు తీస్తున్నాను. ఈసారి నేల కాస్త ఎక్కువగా కనబడుతుంది కాబట్టి తివాచీకి చోటు దొరికేలా ఉంది.