అమ్మ ఒక్కో కన్ను మూసి చూసిన చీర

శనివారం రాత్రి

ఇవాళ అమ్మతో బీసెంట్ రోడ్డుకి వెళ్లాను, ఒక్క జాకెట్టు ముక్క కోసం. గంటన్నర పట్టింది.

అమ్మ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయి రెండు నెలలు కావస్తోంది. ఎడమ కంటికి వచ్చే నెల. పొద్దున బీరువాలోంచి పాత పట్టుచీర తీసి, ఒక కన్ను మూసుకుని చూసింది, మళ్లీ రెండో కన్ను మూసుకుని చూసింది. "ఏమే, ఇది వంగపండు రంగా? మెరూన్ కాదూ?" అంది.

నాలుగేళ్లుగా ఆ చీర మీదికి మెరూన్ జాకెట్టే వేసుకుంటోంది. అలా వేసుకోవడం తనకి ఇష్టం కాబోలు అనుకున్నాను. ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది.

వయసు మీద పడేకొద్దీ కంట్లో లెన్స్ పసుపుబారుతుంది, శుక్లం ముదిరితే గోధుమరంగుకి తిరుగుతుంది. అలాంటి లెన్స్ నీలం కాంతిని చాలావరకు ఆపేస్తుంది. వంగపండు రంగులోంచి నీలం పోతే ఇక మిగిలేది ఎరుపేగా! ఒక్కరోజులో జరిగితే ఎవరికైనా తెలిసేది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి మెదడు సర్దుకుపోతుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకీ ఇదే అయింది. రంగులతోనే బతికిన మనిషి, 1923లో, 82 ఏళ్ల వయసులో ఆపరేషన్ చేయించుకున్నాడు.

షాపులో అబ్బాయి ఓపిగ్గా ఏడెనిమిది తానులు దించాడు. లైట్ల కింద ఒకటి చీరతో కలిసిపోయింది. కోయించేద్దాం అన్నాను. "ఆగండమ్మా, బయట వెలుతుర్లో ఒకసారి చూసుకోండి," అన్నాడు ఆ అబ్బాయే. గుమ్మం దాకా తీసుకెళితే చీర నీలం వైపు, ముక్క ఎరుపు వైపు తేలాయి. ఈసారి నా కళ్లే మోసపోయాయి.

మన కంట్లో రంగుని పట్టే శంకు కణాలు మూడు రకాలే. ఒకటి పొడుగు కాంతి తరంగాలకి, ఒకటి మధ్యరకం వాటికి, ఒకటి పొట్టి వాటికి ఎక్కువగా స్పందిస్తుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త థామస్ యంగ్ 1802లోనే ఇలాంటివి మూడు ఉంటాయని ఊహించాడు. ఎన్ని రకాల కాంతి వచ్చినా మెదడుకి చేరేది ఈ మూడింటి లెక్కే. అందుకే వేర్వేరు అద్దకాలు వేసిన రెండు బట్టలు కూడా ఒక లైటు కింద ఒకే లెక్క ఇచ్చి, ఒకటే రంగులా కనిపిస్తాయి. ఎల్‌ఈడీలో అన్ని తరంగాలూ ఎండలో ఉన్న పాళ్లలో ఉండవు. ఎండలోకి తెస్తే లెక్క మారిపోతుంది. మా అమ్మమ్మ ఏ చీర కొన్నా గుమ్మంలోకి తెచ్చి చూసేది. అది ఎంత సరైన పనో ఇవాళ తెలిసింది.

చివరికి ముక్కని గుమ్మంలోనే ఎంచాం. చివరి మాట అమ్మ కుడి కన్నుదే.

ఇంటికొచ్చాక అమ్మ మంచం మీద చీరలన్నీ పరిచింది. ఒక్కో చీరనీ ముందు ఎడమ కంటితో, తర్వాత కుడి కంటితో చూస్తోంది. గంధం రంగు అనుకున్నది దాదాపు తెలుపట. నాన్న కొన్న పాలపిట్ట రంగు చీర దగ్గర చాలాసేపు ఆగింది.

"రెండోది కూడా చేసేస్తే ఇక ఇలా కనపడవు కదే," అంది, ఎడమ కంటితో ఇంకోసారి చూస్తూ.