ఆ రాత్రి నేనూ ‘తీసేయండి’ అన్నాను

పదహారేళ్లుగా మహిళా సంఘాల మీటింగుల్లో నేను చెప్పే మాట ఒకటే. గర్భసంచి తీసేయాలని ఎవరన్నా అంటే వెంటనే తలూపకండి, ఎందుకని అడగండి. కిందటేడు జూలైలో, రాత్రి రెండున్నరకి, ఒక ప్రైవేటు ఆస్పత్రి స్ట్రెచర్ మీద పడుకుని, “తీసేయండి డాక్టర్, ఎక్కడంటే అక్కడ సంతకం పెడతాను” అన్నది కూడా నేనే.

అంతకుముందు ఎనిమిది నెలలుగా నెలసరి పది రోజులకి తగ్గలేదు. గంటకో ప్యాడ్ తడిసిపోవడం, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడడం, ఏడు రోజులు దాటడం. వీటిలో ఒక్కటి కనిపించినా పరీక్ష చేయించుకోవాలని బొమ్మలు చూపించి మరీ చెప్పేదాన్ని. నాకు మూడూ ఉన్నాయి. నలభై ఆరేళ్లు, ముట్లుడిగే వయసు, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఈ మాట ఇంకెవరన్నా అంటే కసిరేదాన్ని.

ఆ రాత్రి బాత్రూంలో గడియ పెట్టుకున్నాను. లేవబోతే చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకటి. కింద కూలబడ్డాను. గడియ దాకా చెయ్యి లేవలేదు. మగ్గుతో తలుపు మీద కొడుతూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. చెల్లెలు ఆ వారం మా ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. (ఇంత రక్తం పోతున్నప్పుడు తలుపు గడియ పెట్టుకోకండి.)

హిమోగ్లోబిన్ 5.4 ఉంది, ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. డ్యూటీ డాక్టరు స్కాన్ కాగితం చూసి, “బల్కీ యూటరస్. పిల్లలు పెద్దోళ్లయ్యారు కదమ్మా, ఇంకా ఆ సంచితో ఏం పని? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అంటారు” అన్నాడు. బల్కీ అంటే కాస్త పెద్దగా ఉందని చెప్పడమే, అది జబ్బు పేరు కాదు. లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకి పంపకుండా క్యాన్సర్ మాట ఎత్తకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే తల ఊపాను. ఇన్నాళ్లూ మా రిపోర్టుల్లో “అవగాహన లేక ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నారు” అని రాసేవాళ్లం. అవగాహన లేక కాదు, ఆ క్షణాన ఆ రక్తం ఆగితే చాలనిపిస్తుంది.

నా గర్భసంచి మిగిలింది నా చైతన్యం వల్ల కాదు. 5.4తో మత్తు ఇవ్వనని మత్తు డాక్టరు తేల్చి చెప్పబట్టి.

ముందు రక్తం ఎక్కించారు. మొదటి సంచి మొదలైన పది నిమిషాలకి పళ్లు కొట్టుకునేంత వణుకు. నర్సు ఒక్క ఉదుటున వచ్చి క్లాంపు మూసింది, గొట్టం మార్చి సెలైన్ పెట్టింది, సంచి మీది నంబరు, గ్రూపు, నా పేరు మళ్లీ సరిచూసి, దాన్ని రక్తనిధికి తిప్పి పంపింది. జ్వరం రియాక్షన్ మాత్రమేనని తేలింది. తెల్లారేదాకా ఆ అమ్మాయి గంటకోసారి వచ్చి చూసి వెళ్లింది. ఆమెకి ఎంత చెప్పినా తక్కువే. రక్తం ఎక్కేటప్పుడు మొదటి పావుగంట పక్కన మనిషి కదలకూడదు. వణుకు, నడుం నొప్పి, ఆయాసం, ఏది వచ్చినా వెంటనే కేకేయాలి.

మూడో రోజు అక్కడి నుంచి బయటపడి వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. థైరాయిడ్ పరీక్ష, గర్భసంచి ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్, సన్నటి గొట్టంతో లోపలి పొర ముక్క. ముక్క తీసేటప్పుడు నిమిషం పాటు గట్టి మెలి, అంతే. క్యాన్సర్ లేదు. గోడలో మూడు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కండ గడ్డ. దాంతోపాటు అడినోమయోసిస్, అంటే లోపలి పొర గోడ కండలోకి చొచ్చుకుపోవడం.

రక్తం పోయే రోజుల్లో రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, మూడు పూటలు. నాలుగైదు రోజులకి మించకూడదు, ఇదివరకు రక్తనాళాల్లో గడ్డ కట్టినవాళ్లకి పనికిరాదు. ఐరన్ సుక్రోజ్ 200 మిల్లీగ్రాముల చొప్పున రోజు విడిచి రోజు ఐదుసార్లు సెలైన్‌లో ఎక్కించారు. తర్వాత మాత్రలు, పరగడుపున నిమ్మనీళ్లతో. టీకీ మాత్రకీ రెండు గంటలు ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తే భయపడి మానేయొద్దు.

అసలు మందు గర్భసంచి లోపల అమర్చే హార్మోన్ లూప్, అందులో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ 52 మిల్లీగ్రాములుంటుంది. సర్కారు దవాఖానాలో ఉచితంగా వేసే కాపర్-టీ ఇది కాదు, దాంతో రక్తస్రావం పెరుగుతుంది. ఫైబ్రాయిడ్ లోపలి గదిని వంకర చేయలేదు కాబట్టి నాకు కుదిరింది. మొదటి నాలుగు నెలలు రోజూ మరకలే. చాలామంది ఇక్కడే విసుగెత్తి తీయించేసుకుంటారు. ఐదో నెల నుంచి దాదాపు ఆగింది.

తీయాల్సిన సంచులు ఉంటాయి. క్యాన్సర్, దానికి దారితీసే కణాల మార్పు, మందులకి లొంగని రక్తస్రావం. కానీ 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి పోగొట్టుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఇంచుమించు ఎనిమిది మంది. మన ఆడవాళ్లకే ప్రత్యేకంగా ఏ రోగం వచ్చిందట? తెల్లబట్ట అవుతోందని వెళితే “ముఖద్వారం దగ్గర పుండు” అంటారు. చాలాసార్లు అది పుండు కూడా కాదు, లోపలి ఎర్రటి పొర బయటికి కనిపించడమే. అనవసర ఆపరేషన్ల మీద కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ స్ట్రెచర్ పక్కన వాటి ఊసెత్తినవాళ్లు లేరు. సంతకం పెట్టే ముందు కనీసం ఇది అడగండి: అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ముట్లుడగకముందే అవి పోతే ఎముకలకీ గుండెకీ చేటు.

చెల్లెలు ఎల్లమ్మకి మొక్కుకుందట, నాకు ఆలస్యంగా చెప్పింది. ఈ ఆషాఢానికి హిమోగ్లోబిన్ 11.9. బోనం నెత్తిన పెట్టుకుని ఇంటి నుంచి గుడిదాకా నడిచాను. ఎక్కడా ఆగలేదు, ఆయాసం రాలేదు.