డ్యూటీ దిగేటప్పుడు పేషెంట్‌ని ఎలా అప్పజెప్పాలి

మెడికల్ ఎడ్యుకేషన్ మీద రీసెర్చ్ అంటే సిలబస్, పరీక్షలే అనుకుంటారు చాలామంది, నాకైతే బాగా నచ్చింది ఐ-పాస్ అనే అప్పగింత పద్ధతి మీద చేసిన స్టడీ, 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. అమెరికా, కెనడాల్లో 9 హాస్పిటల్స్‌లో పిల్లల వార్డు రెసిడెంట్లకి (ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లకి) డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లని ఎలా అప్పజెప్పాలో నేర్పించారు, అంతే. ముందూ తర్వాతా కలిపి 10,740 అడ్మిషన్లు చూస్తే తప్పులు 23 శాతం తగ్గాయి, ఆపగలిగిన హాని 30 శాతం తగ్గింది, పైగా అప్పగింతకి పట్టే టైమ్ పెరగలేదు!

ఈ పద్ధతిలో జబ్బు ఎంత సీరియస్, కేసు ఏంటి, చెయ్యాల్సిన పనులేంటి, రాత్రి ఏదైనా తేడా వస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఒక వరసలో చెప్పాలి. చివరిది నాకు అన్నిటికంటే ఇష్టం, విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి. "మూడో బెడ్ బాబుకి యూరిన్ తక్కువొస్తోంది, పదింటికి మళ్ళీ చూస్తాను, అప్పటికీ రాకపోతే సార్‌కి ఫోన్ చేస్తాను" అని జూనియర్ నోటితో వస్తేనే అర్థమైనట్టు, ఊరికే తలూపితే కాదు.

స్లైడ్లు చూపించి వదిలెయ్యలేదు కూడా, రోల్ ప్లే చేయించారు, ఫ్యాకల్టీ పక్కనే నిలబడి చూసి ఎక్కడ తడబడ్డారో చెప్పారు. అసలు పనిచేసింది ఇదేనని నా నమ్మకం. అయినా 9 చోట్లలో 6 చోట్లే తప్పులు గట్టిగా తగ్గాయి, మిగతా 3 చోట్ల ఎందుకు తగ్గలేదో కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

మన దగ్గర 2019 నుంచి ఎంబీబీఎస్‌లో కమ్యూనికేషన్ నేర్పే ఎట్‌కామ్ మాడ్యూల్ ఉంది కదా, హౌస్ సర్జన్లకి ఈ అప్పగింత కూడా వార్డులోనే, సీనియర్ ముందే నేర్పిస్తే ఎంత బాగుంటుందో.